హంతకుడి సాక్ష్యం

మొన్న దేవరకొండ బస్టాండులో పుస్తకాల దుకాణం ముందు ఆగితే, ఒకప్పుడు తెగ అమ్ముడుపోయిన ఆ హత్య నవల కొత్త అట్టతో కనిపించింది. అట్ట మీద కత్తి, నెత్తురు చుక్కలు. నాకు మాత్రం మా చిన్నమ్మ గుర్తొచ్చింది.

తెలంగాణ వచ్చిన కొత్తల్లో మా చర్చి సంఘంలో ఆ నవల చదవనివాళ్ళు తక్కువ. ఒకే ప్రతి, కుట్లు ఊడిపోయి, పాటల పుస్తకాల మధ్య దాక్కుని ఇల్లిల్లూ తిరిగింది. బడిలో తెలుగు చెప్పే చిన్నమ్మ ఆ ఏడు క్రిస్మస్ కూడికలో దాన్నే నాటకంగా ఆడిస్తానంది. ఏటేటా అవే గొర్రెల కాపరుల వేషాలు చూసి పిల్లలు ఆవులిస్తున్నారని ఆమె బాధ. సంఘపెద్ద ఒప్పుకున్నాడు గానీ ఒక షరతు పెట్టాడు. "నెత్తురు కనవడ్డా, గడబిడ అయినా నేను లేచి ప్రార్థన మొదలువెడ్త, చూస్కో టీచరమ్మా." మా దగ్గర ప్రార్థన మొదలైందంటే అందరి కళ్ళూ మూతపడతాయి. కళ్ళు మూసుకున్న జనం ముందు ఏ నాటకం నడుస్తుంది?

చిన్నమ్మ హత్యను తెర వెనక్కి నెట్టేసింది. అంతటితో ఆగక, నవలలో హతమైన ఆడపిల్లను చంపిందెవరో మొదటి రంగంలోనే చెప్పించింది. ఇక చూసేదేముందని మేమంతా గొడవపెట్టాం. ఆమె చేతుల సుద్దపొడి దులుపుకుంటూ, "ఎవడో అందరికి ఎర్కున్నదే గద. ఇగ వాడు నోరు తెరుస్తడా లేదా, గదే చూస్తరు" అంది. మూడువందల పేజీలు అలా గంటలోకి దిగాయి.

ఆ సాయంత్రం హంతకుడి వేషం వేసిన మోటారుసైకిళ్ళ మెకానిక్ మోకరించి నేరం ఒప్పుకున్నాడు. చేసిన పాపాలు అందరి ముందూ ఒప్పుకునే సాక్ష్యాల కూడికలకు అలవాటుపడ్డ జనం, నాటకమని మరిచి, "స్తోత్రం" అన్నారు. ముందు వరుసలోని ఒక అవ్వ లేచి, "దేవునికి చెప్పినవ్, మంచిదే. గా పిల్ల తల్లికి చెప్పినవా బిడ్డా?" అని అడిగింది.

నవలలో తల్లే లేదు. మెకానిక్ తెర వైపు తిరిగి చూశాడు. జనంలో గుసగుసలు. సంఘపెద్ద లేచి నిలబడ్డాడు. చిన్నమ్మ కష్టమంతా మట్టిలో కలిసిందనుకున్నాను. అంతలో ఆమె చేతిలోని కాగితాలు కింద పెట్టి, కట్టుకున్న నేతచీరతోనే తెర దాటి వచ్చి అతని ఎదుట కూర్చుంది.

"నేనే దాని తల్లిని. చెప్పు" అంది.

అతను రాసిచ్చిన మాటలు వదిలేసి, తడబడుతూ, మొదటినుంచి మళ్ళీ చెప్పాడు. ఈసారి ఎవరూ స్తోత్రం అనలేదు. సంఘపెద్ద కళ్ళు తెరుచుకునే, నిలబడే, చివరిదాకా విన్నాడు.

బైబిలు వాక్యం వింటూ పెరిగినదాన్ని. ఒప్పుకోలు మీద ఎన్ని ప్రసంగాలు విన్నానో. వినేవాళ్ళు మోసే బరువు మాత్రం ఆ పూటే తెలిసింది. హంతకుణ్ణి ఎలా పట్టుకున్నారో ఇప్పుడు సరిగా గుర్తులేదు గానీ, ఏ పేజీలోనూ లేని ఆ తల్లికి మాత్రం నాతోపాటే ఏటేటా ఒక ఏడు పైబడుతోంది.