మూడో పాటకు జవాబు

పోయినవాటి లెక్క ముందు రాస్తాను. క్యాసెట్లు మొత్తం అరవై ఒకటి. తుఫాను వానకు రేకుల కప్పు కారి, వాటిలో పద్నాలుగు మళ్లీ పలకకుండా పోయాయి. మిగిలిన నలభై ఏడింటి మీద పేర్లు లేవు. అవి పేర్చిన వరస పోయింది. ఆ వరస తెలిసిన మనిషి తుఫానుకు ముందే పోయాడు. ఆయన గొంతు కూడా పోయింది. దానికి మాత్రం కారణం వాన కాదు, మా ఆట.

ఆయన రైల్వేలో గార్డు. కొండల మీంచి ఇనుప ఖనిజం దింపే గూడ్సు బళ్ల చివరి పెట్టెలో కూర్చుని, సొరంగాలు దాటుకుంటూ ఉద్యోగమంతా గడిపాడు. పుట్టింది విజయనగరం వైపు పల్లెలో. చేసుకున్నది మా కొండమనిషిని, చర్చికి వెళ్లే ఇంటి ఆడపడుచుని. రిటైరయ్యాక అరకులోనే ఉండిపోయాడు. కుర్రతనంలో పెళ్లి బ్యాండులో క్లారినెట్ వాయించాడని చెప్పుకునేవాడు. మేమెవరమూ వినలేదు. ఊపిరితిత్తులు దెబ్బతిన్నాక డాక్టరు వద్దన్నాడట.

జాజ్ ఆయనకు విశాఖ పోర్టు దగ్గర పాత సామాన్ల కొట్లో తగిలింది. ఓడల్లో వచ్చినవాళ్లు అమ్ముకుపోయిన క్యాసెట్లు అవి. డ్యూటీకి దిగినప్పుడల్లా ఒకటో రెండో కొనేవాడు. ఆ పాటలు మా ఇద్దరికి అంటించాడు. ఒకరు రోడ్డు పక్కన కాఫీ కొట్టు నడిపే అతను, రెండోవాణ్ని నేను. కాఫీ గింజలు తూకం వేసే చోట లెక్కలు చూస్తాను. పదో తరగతి గట్టెక్కలేదు. వచ్చిన లెక్కలు నాకు నేను నేర్చుకున్నవే. సంగీతం తెలియదు. పాట వినిపిస్తే దరువు లెక్కపెడతాను, నాకు చేతనైంది అదే.

ఆదివారం మధ్యాహ్నం, అద్దాల బోగీల బండి టూరిస్టులను తీసుకుని దిగిపోయాక, కొట్లో పాత టేప్ రికార్డర్ ముందు కూర్చునేవాళ్లం. గార్డు ఒక క్యాసెట్టు తెచ్చేవాడు. అందులో తన దగ్గరున్న వాటిలోంచి ఎక్కించిన మూడు పాటలుండేవి. ఎవరు వాయిస్తున్నారు, ఏ దేశం, ఏ కాలం, మేం చెప్పాలి. ముందు అభిప్రాయాలు, తర్వాత ఊహలు.

“ఈ డ్రమ్మేటండీ, అంట్లగిన్నెలు గెడ్డ రాళ్ల మీద పడిపోనట్టుంది,” అనేవాడు కొట్టతను.

“ఏ గిన్నె ఎప్పుడు పడాలో ఆడికి తెల్సురా. నీకు పాలెప్పుడు పొంగుతాయో తెల్దు,” అనేవాడు గార్డు. తర్వాత నా వైపు తిరిగేవాడు. “నువ్వేటి, పాట ఇంటన్నావా, వ్యాగన్లు లెక్కెడతన్నావా?”

“లెక్కెడితేనే నాకు ఇనపడతాదండీ.”

“అయితే ఎట్టుకో. సివరి పెట్టె తప్పిపోకుండా సూసుకో.”

జవాబు ఆ రోజే చెప్పేవాడు కాదు. వారం మధ్యలో అదే క్యాసెట్టులో, పాటల తర్వాత, తన గొంతుతో జవాబు ఎక్కించి వచ్చే ఆదివారం తెచ్చేవాడు. మా ఊహల్ని ఒక్కొక్కటి పట్టుకుని వెక్కిరించేవాడు. “కాఫీ కొట్టోడు పియానో బాగుందన్నాడు. ఆడి కాఫీ కూడా బాగుందనే అంటాడు, ఆడి మాటకేటి?” అలా ఉండేది. విని నవ్వుకున్నాక క్యాసెట్టు తీసుకుపోయి, దాని మీదే కొత్త ప్రశ్నలు ఎక్కించేవాడు. పాత జవాబు ఒక్క ముక్క మిగలకుండా రికార్డు మీట నొక్కి టేపును చివరిదాకా ఖాళీగా నడిపేవాడు. ప్రతిసారీ ఆయన గొంతు అలా చెరిగిపోతోందని మాకెవరికీ తట్టలేదు.

ఇంకో పని కూడా చేశాడు. కొట్టతను తన ఇంటికి వచ్చినప్పుడు బీరువాలోని క్యాసెట్ల పేర్లు చూసిపోయి ఊహలు సరిగ్గా చెబుతున్నాడని కనిపెట్టి, మొత్తం అరవై ఒక్కటీ తడిగుడ్డతో తుడిచి కాగితాలు ఊడబెరికాడు. ఏది ఎక్కడుందో ఆయనకు వరసను బట్టి తెలుసు.

చివరి ఆదివారం పాటల్లో మొదటిది పియానో, రెండోది ట్రంపెట్టు. మూడోది క్లారినెట్ ఒక్కటే. డ్రమ్ములు లేవు, ఇంకే వాయిద్యం లేదు. నెమ్మదిగా సాగే చిన్న పాట. వాయించేవాడు ఊపిరి పీల్చుకోవడం వినిపిస్తుంది. నాకు దరువు చిక్కలేదు. నాలుగనుకుంటే ఊపిరి దగ్గర ఒకటి సాగుతోంది.

“ఎవడో పెద్దాయన. నిద్రలో వాయించినట్టున్నాడు,” అన్నాడు కొట్టతను. గార్డు టేప్ రికార్డర్ ఆపాడు. క్యాసెట్టు మా దగ్గరే వదిలి, “మళ్లీ ఇనండి, మంగళవారం ఒచ్చి అట్టుకెల్తాను,” అన్నాడు. సోమవారం తెల్లారి ఊపిరాడక పోయాడు.

తర్వాతి ఆదివారం మేమిద్దరం ఆ క్యాసెట్టు పెట్టుకున్నాం. మూడో పాట అయ్యాక ఆపలేదు. ఖాళీ టేపు సరసరమంటూ చివరిదాకా తిరిగింది. కొట్టతను కాఫీ స్టవ్ ఆర్పేసి చెవి ఒగ్గాడు. అందులో ఏమీ ఉండదని ఇద్దరికీ తెలుసు.

తుఫాను వెళ్లిపోయాక ఒక ఆదివారం, ప్రార్థన ముగించుకుని గార్డు భార్య కొట్టుకు వచ్చింది. అక్క వరస కలిపి ఆమెను అప్పా అని పిలుస్తాం. వాన కారుతుంటే క్యాసెట్లన్నీ బియ్యం గోనెలో వేసి కాపాడింది ఆమే. ఆ గోనెలోనే వరస కలిసిపోయింది.

“ఆ సివరి క్యాసెట్టు ఓపాలి ఎయ్యి తమ్ముడూ,” అంది నాతో.

మూడో పాట వచ్చేసరికి ఆమె చేయి చీర కొంగు దగ్గర ఆగిపోయింది.

“ఇది ఆయనే.”

“అప్పా, ఆయన వాయించడం మానీసి ఎన్నాలో అయ్యింది కదా,” అన్నాను.

“మంచం కింద క్లారినెట్ పెట్టె ఉంది. మొన్న తీసి సూసినాను. ఊదీ పీక పాతదే, దానికి కట్టిన రెల్లు రీడు కొత్తది. ఆదివారం పొద్దున నాను సర్చికెల్తే ఈయన ఒక్కడే ఉండీవోడు.” కొంగు సర్దుకుని, “గొంతు ఎలాగూ లేదు. ఊపిరైనా ఉన్నట్టేనా? నాకు అది కావాల. సెప్పు,” అంది.

కొట్టతను మేనల్లుడి ఫోనుకు ఆ పాట వినిపించాడు. పాట వింటే పేరు చెబుతుందట. గుండ్రంగా తిరిగి తిరిగి, దొరకలేదంది. దాన్ని నమ్మడానికీ లేదు. అరిగిన టేపుల్లో తెలిసిన పాటలు పెట్టినా చాలాసార్లు అదే మాట చెప్పింది.

అప్పుడు నాకు తోచిన దారి ఒకటే. ఆయన ఎక్కించిన పాటలన్నీ ఆ అరవై ఒకటిలోంచే వచ్చేవి. ఈ మూడోది వాటిలో దొరికితే ఆయన కాదు. ఎక్కడా దొరకకపోతే ఆయనే అనుకోవచ్చు. పాడైన పద్నాలుగు ఎలాగూ పలకవు, పలికేవన్నీ వరసగా వినాలి.

“దొరికిపోతే?” అంది ఆమె.

“దొరికిపోతే దొరికిపోనాదని సెప్తాను అప్పా.”

ఆమె సరేనంది. వారానికొకటి, గుడ్డసంచిలో చుట్టి తెచ్చేది. రెండు వైపులా వినేవాళ్లం. మేం ఓడిపోయిన పాటలు వచ్చేవి, గెలిచినవి వచ్చేవి. “ఇదే, గిన్నెలు పడ్డ పాట,” అనేవాడు కొట్టతను. నవ్వబోయి ఆగేవాడు. ప్రతి వైపు చివర పాటలైపోయి ఉత్త టేపు తిరుగుతున్నప్పుడు ముగ్గురం కదిలేవాళ్లం కాదు. జవాబు వచ్చే చోటు అదే కదా, మా చెవులకు అలవాటు పోలేదు. ఒకసారి ఆ సరసరలో దగ్గినట్టు వినిపించిందని కొట్టతను అన్నాడు. వెనక్కి తిప్పి వింటే ఏమీ లేదు. మళ్లీ తిప్పమని ఆమె అడగలేదు.

తొమ్మిదో క్యాసెట్టులో చివరి ఆదివారం నాటి మొదటి పాట దొరికింది. పియానో అది. ఆమె బెంచీ మీద ముందుకు జరిగింది. ముప్ఫయ్యో దానిలో రెండోది దొరికింది. ట్రంపెట్టు మొదలవగానే కొట్టతను నా మొహం చూశాడు. మూడోది కూడా ఎక్కడో ఉండాలి కదా అని ఆ చూపు. ఆ రోజు ఆమె కాఫీ తాగలేదు.

“ఇంకెన్ని తమ్ముడూ?”

“పదిహేడు అప్పా.”

ఆ తర్వాత వారం వారం అదే అడిగేది. నేను చెప్పేవాణ్ని. పది. ఆరు. రెండు. నలభై ఆరో క్యాసెట్టు దాకా క్లారినెట్లు చాలా వచ్చాయి గాని ఆ పాట రాలేదు.

నలభై ఏడోది తేవాల్సిన ఆదివారం ఆమె వచ్చి బెంచీ మీద కూర్చుని, “మర్సిపోనాను తమ్ముడూ. ఒచ్చీవారం తెత్తాను,” అంది.

వచ్చేవారమూ మర్చిపోయింది. ఆ పైవారమూ. కొట్టతను కాఫీ పెట్టిచ్చాడు, చివరి క్యాసెట్టులోని మూడో పాట పెట్టాడు. ఆమె కళ్లు మూసుకుని వింది. ఊపిరి పీల్చే చోట ఆమె ఛాతీ కూడా ఆగి కదలడం చూశాను. లేచి వెళ్తున్నప్పుడు గుడ్డసంచి బెంచీ అంచుకు తగిలి టక్కుమంది. క్యాసెట్టు డబ్బా చప్పుడు అది. నలభై ఆరు వారాలు విన్న చప్పుడు, నేను పొరబడను. కొట్టతనూ విన్నాడు. గ్లాసులు కడగడం మొదలుపెట్టాడు.

ఇప్పటికీ ఆదివారాలు వస్తోంది. మర్చిపోయానంటోంది. లెక్క సగంలో వదిలితే నాకు నిద్రపట్టదు, అయినా అడగలేదు. ఆ క్యాసెట్ల లెక్క రాసుకున్న పుస్తకంలో చివరి గీత గీయలేదు.

మొత్తం అరవై ఒకటి. విన్నవి నలభై ఆరు. వినాల్సినవి పదిహేను. అందులో పద్నాలుగింటిని వాన తీసుకుపోయింది. బాకీ ఒకటి.