ఒక గాటు కర్ర

మా అన్న పోయిన నెల మదనపల్లె ఆసుపత్రిలో చనిపోయాడు. ఊపిరితిత్తులు చెడిపోయాయన్నారు. ఇంటికి తెచ్చి వాకిట్లో పడుకోబెట్టాం. ఇంకా దండ కూడా వేయలేదు, జనంలో ఎవడో అన్నాడు: "పుచ్చు కర్ర అమ్మి మనిషిని సంపినోడు కదా ఈయప్ప." పక్కవాడు "ఊరుకోప్పా, సావింట్లో ఏం మాటలు" అన్నాడే గాని, అది అబద్ధమని అనలేదు. నేను విన్నాను. ఆ మాటకే ఇది జవాబు. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే నా కోడలు రాస్తోంది. పుస్తకాల భాషలో పెడతానంది. పెట్టుకో, ఒక్క మాట మెత్తబరిచినా కాగితం చించేస్తానన్నాను.

మా అన్న గాలపు కర్రలు చేసేవాడు. సంతలో కట్టలు కట్టి అమ్మే రకం కాదు. మనిషిని చూసి, ఆ మనిషికి తగినట్టు చేసేవాడు. "యాడ పడతావు? గట్టు మీద నిలబడా, నీళ్ళలో దిగా? జెల్లకా, కొర్రమీనుకా?" అని అడిగి, చెయ్యి చాపించి కొలత తీసుకునేవాడు. నా మొగుడు పోయాక నేను పిల్లవాణ్ణి తీసుకుని ఆ ఇంటికే చేరాను. కర్రకు దారం చుట్టే పని నాది.

వెదురు కోసం కుప్పం అవతల రామకుప్పం పక్క రైతుల దగ్గరికి వెళ్ళేవాడు. లోపల బోలు లేని గట్టి వెదురే కావాలి. అదీ ఎండాకాలంలో, తొలి వాన పడకముందు కొట్టిందే. వాన తాగిన వెదురు తియ్యగా ఉంటుంది, పురుగు వదలదు. ఏనుగులు తొక్కిన పొదలో కర్ర ఎంత బాగున్నా ముట్టడు, కంటికి కనబడని చీలిక ఉంటుందని. ఒక్కో కర్రను తిప్పి తిప్పి, గోటితో కొట్టి చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. "పెండ్లికూతుర్ని సూసినట్టు యాల సూస్తావన్నా?" అంటే, "పెండ్లికూతురు పుచ్చిపోదు మే" అనేవాడు.

తెచ్చిన కర్రను నీళ్ళలో నానబెట్టి, నీడలో ఆరబెట్టి, మా వంటింటి పొయ్యి మీద అటక కింద వేలాడదీసేవాడు. ఏడాది పొగ తాగాలి. వేలాడదీసిన రోజు కర్ర మొదలు దగ్గర కత్తితో ఒక గాటు. ఏడాది తర్వాత దించి, వంచి, విని, మంచిదని తేలితే రెండో గాటు. రెండు గాట్లు లేని కర్ర మా గడప దాటేది కాదు. కర్రకు చుట్టే దారం మదనపల్లె మగ్గాల దగ్గర మిగిలిన పట్టు. గాలపు దారం దూరే ఉంగరాలకు ఇనుప తీగ వాడనిచ్చేవాడు కాదు. తుప్పు పట్టి నైలాన్ దారాన్ని కోస్తుందని స్టీలే వంచేవాడు. "నీళ్ళ ఒడ్డున వాని బరువంతా మన సేతిపని మీద ఉంటాది మే" అని, నేను చుట్టిన దారం ఒక వరస వదులైనా విప్పించేవాడు. నేను తిట్టుకుంటూ మళ్ళీ చుట్టేదాన్ని.

ఎనిమిదేళ్ళ కిందట, అన్న వెదురు కోసం కుప్పం వెళ్ళిన రోజు, పుంగనూరు నుంచి ఒకాయన వచ్చాడు. చెరువులో పెద్ద చేపలు పడుతున్నాయి, ఇప్పుడే కర్ర కావాలన్నాడు. చేసినవి లేవు, రేపు రమ్మన్నాను. అటక కింద వేలాడుతున్నవి చూశాడు.

"అవేంటివి మరి?"

"అవి ఇంకా కాలేదప్పా."

"అయినాయో లేదో నీకేం తెలుసు? మీ అన్నొచ్చి సెప్పాల్సిందే. నువ్వు దారం సుట్టేదానివే కదా."

నా నోరు ఊళ్ళో అందరికీ తెలుసు. నన్ను అంత మాట అన్నవాణ్ణి ఊరికే పంపితే నేను నేను కాను. ఒక కర్ర దించాను. గాటు ఒక్కటే ఉంది. చదువు రాకపోయినా గాట్లు లెక్కపెట్టడం వచ్చు నాకు. మోకాలికి ఆనించి వంచాను, బాగానే వంగింది. చెవి దగ్గర పెట్టుకుని వినలేదు. అప్పటికప్పుడు ఉంగరాలు కట్టి ఇచ్చాను. "పో, సూసుకో, నాకు తెలుసో లేదో" అన్నాను.

నాలుగో రోజు ఆయన తూము రాళ్ళ మీద నిలబడి, పెద్ద చేప పడితే ఒళ్ళంతా వెనక్కి వేసి లాగాడు. కర్ర పిడి దగ్గర ఫట్టున విరిగింది. వెల్లకిలా పడ్డాడు. తల కింద రాయి. అంతే.

విరిగిన ముక్క పట్టుకుని జనం మా వాకిట్లోకి వచ్చారు. లోపల పిండి పిండిగా పురుగు తిన్న వెదురు. అన్న దాన్ని తిప్పి మొదలు చూశాడు. ఒక్క గాటు. తలెత్తి నన్ను చూశాడు. జనం వైపు తిరిగి, "నేనే ఇచ్చినాను. తప్పు నాదే" అన్నాడు.

ఆ సాయంత్రమే అటక కిందవన్నీ దించి పొయ్యిలో పెట్టాడు. మళ్ళీ కర్ర పట్టలేదు. టమోటా మండీలో పెట్టెలు మోశాడు, ఊపిరి ఆడినంత కాలం. ఒకసారి అడిగాను, "యాల నీ మీద ఏసుకున్నావన్నా?" అని. "నిన్ను నమ్మి ఇల్లు వదిలిపోయింది నేను కదా మే. ఇంగ ఆ మాట ఎత్తద్దు" అన్నాడు. ఎత్తొద్దన్నాడని ఎత్తలేదని ఇన్నాళ్ళూ చెప్పుకున్నాను. అది నిజం కాదు. భయపడ్డాను. అందరినీ కడిగేసే ఈ నోరు ఆ ఒక్కదానికి పెగల్లేదు. ఆ కర్ర ఇచ్చింది నేను. మా అన్న చేతిలోంచి పుచ్చు కర్ర ఒక్కటి కూడా బయటికి పోలేదు. రాయమ్మా, ఇది పెద్ద అక్షరాలతో రాయి.

అన్న దినం అయ్యాక కోడల్ని వెంటబెట్టుకుని పుంగనూరు వెళ్ళాను. ఆ చనిపోయినాయన భార్య వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. అంతా చెప్పాను. ఆమె చెయ్యి ఆగలేదు. చేటలోది అయిపోయేదాకా తీసి, అప్పుడు మాట్లాడింది.

"ఇది మీ అన్న బతికుండగా సెప్పింటే, నేను ఆయప్ప మొగాన ఉమ్మింటానా?"

నాకు తెలియదు. అన్న ఇక్కడికి వచ్చినట్టే నాకు తెలియదు.

"మా ఆయన పదకొండో దినం వచ్చినాడు. ఉమ్మితే తుడుసుకోలేదు. ఆడనే, ఆ గేటు కాడ, పొద్దు వాలేదాకా నిలబడినాడు."

ఆమె చూపించిన చోట నీడ లేదు. వెళ్ళి అక్కడ నిలబడ్డాను. ఆమె చేట తీసుకుని లోపలికి పోయి గడియ వేసుకుంది.