సగం సూడాన్ తీరు, సగం మిస్రీ తీరు

మా సెంట్రింగ్ మేస్త్రి పోయిన మంగళవారం చనిపోయాడు. పొద్దున్నే ఆయన పెద్దబిడ్డ ఫోన్ చేసి, "బాపు పోయిండు కాకా" అంది. మీలో ఎవరూ ఆయన్ను ఎరగరు. అందుకే రాస్తున్నాను.

డెబ్బైల చివర్లో దుబాయ్ దగ్గర జెబెల్ అలీ రేవు కట్టేటప్పుడు నేను ఆయన చేతికింద పనిచేశాను. కాంక్రీటు పోసేముందు చెక్కపలకలతో అచ్చు కట్టడం మా పని. "రేపు ఇప్పేటప్పుడు పలక పలగొద్దు, గట్ల కొట్టు మొల" అనేవాడు. కోపమొచ్చినా గొంతు పెంచేవాడు కాదు. పని ఆపి, మన తప్పు మనకు కనబడేదాకా పక్కనే నిలబడేవాడు.

ఎవరు కలిసినా వాళ్ల ఊరి సంగతులు అడగడం ఆయన అలవాటు. శుక్రవారాలు ఆయన వండిన పప్పన్నం తినడానికి మా గదికి ఇద్దరు వచ్చేవారు. ఒకాయన సూడాన్ లారీ డ్రైవరు, ఇంకొకాయన ఈజిప్టు ఎలక్ట్రీషియను. ఈజిప్టువాళ్లను క్యాంపులో మిస్రీ అనేవాళ్లం. ముచ్చట్లు హిందీ, అరబ్బీ కలిపి నడిచేవి. ఒకనాడు మేస్త్రి వాళ్లను అడిగాడు, మీరు పంపే డబ్బు ఊళ్లో ఎవరి చేతికి పోతుందని.

మిస్రీ తన భార్య పేరు మీద బ్యాంకు డ్రాఫ్టు పంపేవాడట. ఆమే పట్నం వెళ్లి తెచ్చుకుని, ఇటుకలు కొని, ఒక గది తర్వాత ఒక గది కట్టిస్తోందని గర్వంగా చెప్పాడు. సూడాన్ ఆయన బ్యాంకు గడప తొక్కేవాడు కాదు. వాళ్ల ఊరి బట్టల వ్యాపారి దుబాయ్‌లో ఉంటే, అతని చేతిలో దిర్హాములు పెట్టేవాడు. సూడాన్‌లో ఆ వ్యాపారి తమ్ముడు డ్రైవరు తల్లికి ముట్టజెప్పేవాడు. కాగితం లేదు, సంతకం లేదు. రేటు కూడా బ్యాంకు కన్నా మేలట. తల్లి ఆ డబ్బు బాబాయిలకూ, మేనత్తలకూ పంచేది. అలా పంచితే నీకేం మిగులుతుందని మిస్రీ నవ్వాడు. నేను లేనప్పుడు నా పిల్లల్ని చూసుకోవడానికి అంతమంది మిగులుతారు అన్నాడు సూడాన్ ఆయన. మేస్త్రి ఇద్దరినీ మార్చి మార్చి చూస్తూ చాలాసేపు అన్నం కలుపుతూనే ఉన్నాడు.

నా డబ్బంతా మా అన్నకు పోయేది. నన్ను పెంచింది, వీసాకు అప్పు తెచ్చింది అన్నే. ఆ నెలలోనే నా భార్య బడిపంతులుతో రాయించిన ఉత్తరం వచ్చింది. బిడ్డకు జ్వరమొస్తే, పక్కూరు పోయిన మా అన్న తిరిగొచ్చి డబ్బిచ్చేదాకా రెండు రోజులు ఆగిందట. అన్న చెడ్డవాడు కాదు. ఆమె చేతిలో ఏమీ లేదు, అంతే. ఉత్తరం మేస్త్రికి ఇచ్చాను.

"అన్నకు బంద్ చెయ్యకు తమ్మీ," అన్నాడు చదివి. "సగం సూడాన్ తీరు పంపు, సగం మిస్రీ తీరు పంపు."

భార్య పేరు మీద ఖాతా తెరిపించాను. అన్న ఉత్తరాలు ఆగిపోయాయి. ఎనిమిది నెలలు. ఒకరోజు తట్టుకోలేక, నీ మాట విని అన్నను పోగొట్టుకున్నానని మేస్త్రిని అనేశాను.

ఆయనకు కోపం రాలేదు. "నాలుగేండ్ల సంది నేను పంపేదంత మా నాయినకే పోతున్నది," అన్నాడు. "నీకు చెప్పిన గని, నాకు ధైర్యం సాలలే."

ఆ ఎండాకాలం అన్న ఉత్తరం వచ్చింది. బావి మోటరు కాలిపోయి వరి ఎండుతుంటే, అడగకుండానే నా భార్య తన ఖాతాలోంచి తీసి ఇచ్చిందట. "మరదలు ఇచ్చింది" అని రాసి, నా ఆరోగ్యం ఎట్లుందని అడిగాడు. ఆ ఉత్తరాన్ని మేస్త్రి రెండుసార్లు పైకి చదివాడు. మా ఇల్లు చీలకుండా నిలిచిందంటే అది ఆయన చలవే.

ఆయన ఊరికి తిరిగొచ్చేసరికి తన డబ్బుతో కొన్న భూమి తండ్రి పేరు మీద ఉంది. నలుగురు అన్నదమ్ములకూ సమంగా పంచారు. ఆయన కొట్లాడలేదు. జగిత్యాల దిక్కు ఇళ్ల కప్పులకు మళ్లీ సెంట్రింగ్ మొదలుపెట్టాడు. వచ్చిన కూలి మాత్రం ప్రతివారం తెచ్చి భార్య చేతిలో పెట్టేవాడట.

ఈ వేసవిలో చూడబోయాను. మంచం మీద ఉన్నాడు. నాకు సోడా తెప్పిస్తానని భార్యను పిలిచాడు. ఆమె కొంగుముడి విప్పి, నలిగిన నోటు తీసింది. ఆయన లేచి కూర్చుని, రెండు చేతులూ చాచి అందుకున్నాడు. ఆమె నవ్వింది. సోడా సంగతి మరిచిపోయి, ఆయన ఆ నోటును మోకాలి మీద పరిచి, మడతలు పోయేదాకా మెల్లగా నిమురుతూ కూర్చున్నాడు.