కుర్చీలు లేని కచేరీ హాలు

అమలాపురంలో మా సంగీత సభకు హాలు కట్టిన ఆర్కిటెక్టు గారు ఏం చెప్పాలన్నా ముందు కళ్లు మూసుకునేవారు.

"పాటని కూర్చుని కాదండీ, నడుస్తూ ఒళ్లంతటితో వినాలి," అనేవారు.

అందుకని హాల్లో ఒక్క కుర్చీ వేయనివ్వలేదు. నేలంతా ఇసుక పోయించి, గోడలకు కొబ్బరిపీచు అంటించారు.

తొలి కచేరీ మా అత్తయ్యగారిది. ఆవిడ పాడుతుంటే జనం గోడలు తడుముకుంటూ, ఇసుకలో కాళ్లీడుస్తూ చుట్టూ తిరిగారు. చరణం మధ్యలో ఆవిడ ఆపేశారు.

"కాస్త ఆగండి బాబూ, నా శ్రుతి నాకే వినపడ్డం లేదు."

అందరూ ఆగారు. ఆ మహానుభావుడు మాత్రం కళ్లు మూసుకుని, చేతులు చాపుకుని తిరుగుతూనే ఉన్నారు. అత్తయ్యగారు తంబురాతో వరండాలోకి నడిచి, అక్కడ కూర్చుని పాట ఎత్తుకున్నారు. జనమంతా వెనకే వెళ్లి మెట్లమీద సర్దుకున్నారు.

కాసేపటికి ఆయన బయటికొచ్చి నా చెవిలో గర్వంగా అన్నారు:

"చూసేరా అండీ, నా హాలు జనాన్ని ఎలా కదిలించిందో!"