కేసెట్ ఎక్కేంతసేపు

"గీ మెషిన్ ఇగ లేవది మేడమ్," అన్నాడు అమీర్‌పేట సందులో కంప్యూటర్లు బాగుచేసే అతను, మా చిన్నప్పటి కంప్యూటర్‌ని అటూ ఇటూ తిప్పి చూసి. "ఫికర్ చెయ్యకుండ్రి. గా ఆటలన్నీ మీ లాప్‌టాప్‌ల ఎక్కిస్తా. జర కూసోండ్రి."

ఎక్కించాడు కూడా. పాత కంప్యూటర్‌లా నటించే ప్రోగ్రామ్ ఒకటి ఉంటుంది, ఎమ్యులేటర్ అంటారు. అందులో మా ఆటలన్నీ ఉన్నాయి.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ముందు గదిలో సోఫాకి ఆనుకుని నేల మీద కూర్చుని లాప్‌టాప్ తెరిచాను. ఆషాఢం మబ్బు. బల్కంపేట వైపు నుంచి బోనాల డప్పుల మోత వస్తూ పోతూ ఉంది. నాకు కళ్ళు సగం మూతలు పడుతున్నాయి. ఆట పేరు మీద నొక్కానో లేదో ఆట ప్రత్యక్షం! నాకు ఒళ్ళు మండింది. ఇంత తొందరగా వచ్చేస్తే అది మా ఆట ఎలా అవుతుంది?

పంజాగుట్టలో మేమున్న రెండు గదుల పోర్షన్లో ఆట అంటే ముందు ఎదురుచూడడమే. నాన్న ఎవరి దగ్గరో సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఆ కంప్యూటర్‌ని టీవీకి కలిపి, టేప్‌రికార్డర్లో ఆట కేసెట్ పెట్టేవాడు. అది కంప్యూటర్లోకి ఎక్కేదాకా కీచుమని ఒకటే గోల. టీవీ అంచుల్లో రంగురంగుల చారలు పరిగెత్తేవి. నేనూ తమ్ముడూ నేల మీద బాసింపట్టు వేసుకుని ఆ చారల్నే చూస్తూ చూస్తూ ఎటో వెళ్ళిపోయేవాళ్ళం. తర్వాత వచ్చే ఆటకంటే నాకు అదే ఎక్కువ ఇష్టంగా ఉండేదేమో, ఇప్పుడు ఆలోచిస్తే.

ఆ కాసేపూ నాన్న శాసనం ఒకటుండేది. ఫ్యాన్ తిరగకూడదు. మిక్సీ వెయ్యకూడదు. కూర్చున్నచోటి నుంచి ఎవరూ లేవకూడదు, లేస్తే కేసెట్ ఎక్కదు. ఇంటిల్లిపాదినీ నోటితో ఆడించే మామ్మ కూడా నోరెత్తకుండా గోడకి ఆనుకుని కళ్ళు మూసుకునేది. అమ్మ వంటింట్లోంచి వచ్చి, మా వెనక మంచం మీద, నాన్న పక్కన కూర్చునేది. కాలేజీలో చేరాక నాన్నని ఇదే విషయం మీద తెగ ఏడిపించాను. మిక్సీ వేస్తే కరెంటు ఊగుతుంది సరే, మనుషులు లేస్తే టేపుకేమిటి నష్టం? ఆయన నవ్వేసి పేపర్ తిప్పేవాడు. బంగారం లాంటి మనిషే గానీ సైన్సులో సున్నా అని తేల్చేశాను.

నాన్న పోయి ఏడాది దాటింది. అప్పట్నుంచి అమ్మ నా దగ్గరే ఉంటోంది కానీ కుదురుగా కూర్చున్నది లేదు. తోమిన గిన్నెలే తోముతుంది. మడతపెట్టిన బట్టలే మళ్ళీ దులుపుతుంది. నాన్న మాటెత్తితే "పొయ్యి మీద పాలున్నాయి" అని లేచిపోతుంది. ఏడవదు. తలుచుకోదు. నాకు భయంగా ఉంది. లేకపోతే ఈ వయసులో నాకు వీడియో గేములెందుకు? ఆ ఆటలు చూసైనా ఆయన గురించి ఒక్క మాట అంటుందని ఆశ, అంతే.

ఆ ప్రోగ్రామ్‌లో వెతగ్గా వెతగ్గా ఒక సదుపాయం దొరికింది. అసలు కేసెట్ ఎంత నెమ్మదిగా ఎక్కేదో అంతే నెమ్మదిగా ఎక్కిస్తుందట. నొక్కాను. గదంతా కీచుమన్న ఆ పాత గోల నిండిపోయింది.

వంటింట్లో మిక్సీ ఆగింది.

అమ్మ కొంగుకి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. గోడ దగ్గర ఆగి ఫ్యాన్ కట్టేసింది. వచ్చి నా వెనక సోఫాలో కూర్చుంది. నేను కదల్లేదు, కదిలితే లేచిపోతుందేమోనని. తెర అంచుల్లో చారలు పరిగెడుతున్నాయి. ఈ గది ఆ గదిలోకి జారిపోతున్నట్టుంది. తమ్ముడి మోకాలు నా మోకాలికి తగులుతున్నట్టే ఉంది.

"ఫ్యాన్‌కీ దీనికీ ఏం సంబంధం లేదమ్మా," అన్నాను, ఏదో ఒకటి అనాలని.

"నాకు తెలీదేంటి?" అంది అమ్మ. "ఎవరూ లేవకూడదంటే మీ మామ్మ నాకు పని చెప్పడానికి ఉండదుగా. అందుకే పెట్టారు మీ నాన్నగారు ఆ రూలు. మీరిద్దరూ టీవీకేసి చూస్తుండేవాళ్ళు. ఆవిడ కళ్ళు మూసుకునేది. ఆయన నా చెయ్యి పట్టుకుని కూర్చునేవారు."

ఎన్ని సాయంత్రాలు ఆ మంచానికి వీపు పెట్టి కూర్చున్నానో! ఒక్కసారీ వెనక్కి చూడలేదు.

గోల ఆగింది. ఆట తెర మీదకొచ్చి, మొదలుపెట్టమని మెరుస్తోంది. ఇంక అమ్మ లేస్తుందనుకున్నాను. లేవలేదు. వెనక నుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది.

"ఇంతకన్నా ఎక్కువసేపు పట్టే ఆట లేదా, అమ్మలూ?" అంది.