కడీలు రాకముందు తవ్విన గుంతలు

మేకలకు నా మీద ఏం పగో గానీ, పెరట్లో నేను ఏది పెట్టినా వాటి నోట్లోకే పోయేది. వంగ మొక్కలు పోయాయి, కరివేపాకు పోయింది. రాతి కడీలు పాతించి ముళ్లతీగ కట్టించాల్సిందేనని పట్టుబట్టాను. మా ఆయన ఎప్పటిలాగే "చూద్దాం తియ్" అన్నారు. ఆయన చూసేలోపు నేనే అత్వెల్లి నుంచి మేస్త్రీని పిలిపించాను.

ఇక్కడి పద్ధతి ఏమిటంటే, ముందు గుంతలన్నీ ఒకేసారి తవ్వేస్తారు, తర్వాతే ట్రాక్టర్ మీద కడీలు వస్తాయి. మోకాలు దాటేంత లోతున వరసగా తవ్వేసి, "రేపు పొద్దుగాల్నే కడీలు దింపుతమ్మా" అని వెళ్లాడు మేస్త్రీ. మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. తిట్టాల్సినవన్నీ వరసలో పెట్టుకుని ఫోన్ చేస్తే, ఎత్తగానే వెనక నుంచి ఏడుపులు వినిపించాయి.

"మా నాయిన పోయిండమ్మా. దినాలు అయ్యేదాంక పార పట్టొద్దంటుండ్రు."

"పైలం తమ్మీ. పనిదేముంది, యాడికి పోతది" అన్నాను. తిట్లన్నీ మింగేశాను.

ఇంతలో వాన పట్టుకుంది. గుంతల నిండా ఎర్రనీళ్లు. నేలేదో గుంతేదో నాకే తెలియడం లేదు. ఇక పక్కింటి అవ్వకేం తెలుస్తుంది? వాళ్లది చర్చికి వెళ్లే కుటుంబం. అవ్వ రోజూ సాయంత్రం ప్రార్థనకు మా పెరట్లోంచే అడ్డంగా పడి వెళ్తుంది. రెండు కళ్లలోనూ పొర. వానలు తగ్గాక ఆపరేషన్ చేయిస్తానంటున్నాడు కొడుకు. జామచెట్టును చేత్తో తడుముకుని, అక్కడి నుంచి మా ఇంటి గోడ పట్టుకుని పోతుంది.

"గుంతలు తవ్వినం అవ్వా, జర ఆగు కొన్నొద్దులు" అంటే నవ్వింది. "గీ తొవ్వ నా కాళ్లకు ఎర్కనే బిడ్డా. చూసుకుంట పోత తియ్."

ఏం చూసుకుంటుంది!

మొదట తుమ్మకంప కొట్టించి గుంతల మీద వేయించాను. పచ్చి తుమ్మ ఆకంటే మేకలకు ప్రాణమని నాకు తట్టనే లేదు. ఊళ్లో మేకలన్నీ విందుకు వచ్చినట్టు వచ్చి, కంపను అటూ ఇటూ లాగేసి, గుంతల్ని మళ్లీ బయట పెట్టి పోయాయి. అప్పుడు మేడ మీద చుట్టి పడేసి ఉన్న బోనాల ఫ్లెక్సీ గుర్తొచ్చింది. నిండా అమ్మవారి ఫోటో. ఎవరూ గోడ తడపకుండా దేవుళ్ల బొమ్మల పలకలు అతికించే దేశం మనది. అమ్మవారి మీద ఎవరు కాలేస్తారు? గుంతల మీద పరిచి, అంచులకు రాళ్లు పెట్టాను.

"దేవతను బురదల పండవెడ్తవా?" అన్నారు మా ఆయన.

"మనుషుల్ని కాపాడుడు కాక ఆమెకు ఇంకేం పనున్నది?" అన్నాను. ఆయన లోపలికి వెళ్లిపోయారు. అవ్వకు అసలు ఫోటోయే కనపడదు కదా అన్న ఆలోచన ఆయనకూ రాలేదు, నాకూ రాలేదు.

అది కనపడింది అవ్వ కోడలికి. పొద్దుగూకే వేళ హద్దు మీదికి వచ్చి నిలబడింది.

"గిదేందక్కా? మా అత్త నడిచే తొవ్వల మీ అమ్మవార్ని పరిసినవ్?"

"గుంతలున్నయి చెల్లె. ఎవ్వరు కాలు పెట్టొద్దని."

"మా అత్త కాలు పెడితే మీరు ఊకుంటరా? కాలనీల పంచాయితి పెట్టరా? రావొద్దనుకుంటే సీదా మా మొకం మీదనే చెప్పకపోయినవ్?"

"చెప్పాలనుకుంటే మైకు పెట్టి చెప్త. నీకు భయపడి ఫ్లెక్సీలు పరుస్తనా?"

తలుపు ధన్‌మని వేసుకుంది. గెలిచాననుకున్నాను.

మర్నాడు సాయంత్రం చర్చి మైకులో పాటలు మొదలయ్యాయి, అవ్వ మాత్రం పెరట్లోకి రాలేదు. ఏదో తోచి వాకిట్లోకి వచ్చి చూస్తే, మెయిన్ రోడ్డు అంచున కర్రతో తడుముకుంటూ పోతోంది. జవహర్‌నగర్ డంపుకు పోయే చెత్త లారీలు ఆమె చీర కొంగు ఎగిరేంత దగ్గరగా దూసుకుపోతున్నాయి. చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తి చెయ్యి పట్టుకున్నాను.

"సస్తవా ఏంది అవ్వా? గిటెందుకొచ్చినవ్?"

"మీ దేవత ఫోటో పరిసినవట గద బిడ్డా. నాకు కండ్లు కానస్తలెవ్వు. ఎర్కలేక తొక్కితే నీ పానం కలుక్కుమనదా?"

ఆమె చెయ్యి వదలకుండా చర్చి గేటు దాకా నడిచాను.

తిరిగొచ్చి ఫ్లెక్సీ తీసి, కడిగి, మేడ ఎక్కించాను. మర్నాటి నుంచి సాయంత్రం కాగానే నేనే అవ్వ చెయ్యి పట్టుకుని గుంతల మధ్య నుంచి దాటించేదాన్ని. కోడలు కిటికీలోంచి చూసేది, మాట్లాడేది కాదు. ఓ రోజు విరిగిన మంచాన్నీ పాత తలుపు రెక్కనూ ఈడ్చుకొచ్చి జామచెట్టు పక్క గుంతల మీద పడేసింది. "నోరు మస్తున్నది గని తెల్వి లేదక్కా నీకు" అంది. నవ్వకుండా ఉండలేకపోయాను.

అవ్వ మాత్రం ఒకటే మాట అంది, అదీ నడుస్తూ నడుస్తూ. "కడీలు పాతినంక గీ తొవ్వ ఉండది గద బిడ్డా. గప్పటికి ఆపరేషన్ అయితది తియ్. రోడ్డు మీదికెల్లి పోత." అందులో నిష్ఠూరం లేదు. ఉంటే నేను తిరిగి ఏదో ఒకటి అని ఉండేదాన్ని.

దినాలయ్యాక మేస్త్రీ గుండుతో వచ్చాడు, వెనకే కడీల ట్రాక్టర్. జామచెట్టు దగ్గర చిన్న గేటుకు చోటు వదలమన్నాను.

"మల్ల మేకలు రావా?" అన్నారు మా ఆయన.

"గడియ తీసుకోనొచ్చే మేకలుంటే రానియ్."

"గడియ లోపటి దిక్కేనా అమ్మా?" అన్నాడు మేస్త్రీ.

"కాదు, అవ్వ దిక్కు."

నేను అవ్వను పిలిచి, అప్పుడే పాతిన కడీ ముందు నిలబెట్టాను. ఆమె చెయ్యి రాతిని ఎక్కడ తాకిందో, అక్కడే గడియకు బొగ్గుతో గీత పెట్టమన్నాను మేస్త్రీని.