కందుకూరు తొవ్వ

మొన్న మా మనుమరాలు ఫోను తెచ్చి నా కండ్ల ముందు పెట్టింది. స్పెయిన్ దేశమట. సన్నటి డాంబరు రోడ్డు, రెండు దిక్కుల ఎర్రమట్టి చెలకలు, వరుసగ పొట్టి చెట్లు, మనిషి జాడ లేదు. ఆ రోడ్డు మీద పదిమంది నెత్తికి టోపీలు పెట్టుకొని సైకిళ్లు తొక్కుకుంట పోతున్నరు. ఏ ఊరి మీదికెళ్లి పోవాలె, నీళ్లు యాడ దొరుకుతయి, యాడ ఎత్తు ఎక్కాలె అని అన్నీ రాసి పెడ్తరట. దోస్తులతోని పోదామనుకుంటున్న తాతా, నీకు తెల్వదు గని అక్కడి రోడ్లు మస్తు నిమ్మళంగ ఉంటయి అన్నది. నాకెందుకు తెల్వదే అనబోయి ఊకున్న. మొదలుపెడితే ఆఖరి దాంక చెప్పాలె. ఆఖరి దాంక ఈ ఇంట్ల నేను ఎవ్వరికీ చెప్పలే.

మా ఇల్లు లాల్‌దర్వాజల ఉండె. తాతల నాటి నుంచి పాల యాపారం. పదకొండు బర్రెలు ఉండేటియి, వాటి నడుమ సందు దొరికిన కాడ మేముండేటోళ్లం. చార్మినార్ కాడి గాజుల దుకాణాలోళ్లు మా పాలతోని చాయ్ తాగినంకనే గల్లా ముందర కూసుంటరని మా బాపు గొప్పలు చెప్పేటోడు. ఆ పాలల్ల కలిసే నల్లా నీళ్ల ముచ్చట మాత్రం చెప్పకపోతుండె. మా బర్రెల పాలు చాలకపోతే దక్షిణం దిక్కు ఊళ్లకు పోయి తెచ్చుడు మా బావ పని. బావ అంటే మా అక్క పెనిమిటి. ధూల్‌పేట్ల వినాయకులను చేసే ఇంట్ల పుట్టిండు గని, లగ్గమైనంక బాపు మాట మీద మా ఇంట్లనే ఉండిపోయిండు. కొట్టం పక్కపొంటి అర్ర వాళ్లకిచ్చినం. తెల్లారక ముందే క్యారియర్‌కు రెండు దిక్కుల రెండు పెద్ద క్యాన్లు తగిలించుకొని చాంద్రాయణగుట్ట దాటి తుక్కుగూడ దాంక పోయి, ఎండ పడేలోపట నిండు క్యాన్లతోని వచ్చేటోడు. మనిషి సన్నగ ఉండె, పిక్కలు మాత్రం ఇనుప గుండ్లు.

ఐతారం వస్తే పాలు పోసుడు అయినంక బావ క్యాన్లు ఇప్పి పక్కకు పెట్టేటోడు. సైకిల్‌ను గుడ్డతోని తుడిచి, చైనుకు నూనె పెట్టి, నా దిక్కు చూసి కండ్లు ఎగరేసేటోడు. ఇద్దరం ఎల్లిపోయేటోళ్లం. పనేమీ ఉండకపోతుండె. క్యాన్లు లేకుంట సైకిల్ తొక్కుడేందిరా, పెయ్యికి తిమ్మిరెక్కిందా అని బాపు కొట్టంల నుంచే ఒర్రేటోడు. ఫలక్‌నుమా దాటి, చాంద్రాయణగుట్ట దాటి, బార్కస్‌ల జాంతోటల పక్కకెళ్లి పోతే పహాడీషరీఫ్ ఎత్తు వచ్చేది. అది ఎక్కి దిగితే ఇగ పట్నం లొల్లి ఇనవడకపోతుండె. రోడ్డుకు రెండు దిక్కుల ఏనుగులోలె బండలు, జొన్న చెలకలు, ఈతచెట్లు. గంటకొక బస్సు. కార్తీకంల సీతాఫలాల గంపలు నెత్తిన పెట్టుకొని ఆడోళ్లు ఎదురొచ్చేటోళ్లు, రెండు పండ్లు చేతుల పెట్టి పోండ్రి బిడ్డా అనేటోళ్లు. బావ ఆ తొవ్వను వాసనతోని గుర్తుపట్టేటోడు. జాంపండ్ల వాసన పోయి ఆముదపు చెట్ల వాసన వస్తే సగం అయిపోయింది తమ్మీ అనేటోడు. ఎదురుగాలి కొడ్తుంటే ఒకని ఎనుక ఒకడు ఎట్ల తొక్కాలె, ఎత్తు మీద దమ్ము ఎట్ల ఆపుకోవాలె, అన్ని ఆయన దగ్గరనే నేర్చుకున్న. నా జిందగీల మంచి రోజులేవంటే అవే చెప్త. అవే చెప్పుకోలేని రోజులు గూడ.

డెబ్బైల ఆఖర్ల ఒక సర్కారు ఫ్యాక్టరీవాళ్లు సైకిల్ పందెం పెట్టిన్రు. చాంద్రాయణగుట్ట నుంచి కందుకూరు పోయి మళ్ల రావాలె. ముందుగాల వచ్చినోన్ని ఆటగాళ్ల కోటాల పర్మనెంటు నౌకరిల తీసుకుంటరు, ఉండనీకె క్వార్టర్ ఇస్తరు. ఆ మాట ఇన్న కాడికెళ్లి మా అక్క నిలవడి నీళ్లు తాగలే. వాళ్ల బిడ్డకు అప్పుడు రెండేండ్లు. దోమలకని కొట్టంల రోజూ పొగ పెడ్తుంటిమి. ఆ పొగకు పిల్ల దగ్గి దగ్గి నీలమయ్యేది. ఆ అర్ర ఇడిచిపెట్టమని డాక్టరు రెండుసార్లు చెప్పిండు. పోనీకె జాగ లేకుండె.

పందెంల సైకిల్ మార్చుకోవచ్చు, మనిషి మాత్రం మారొద్దని కాయిదా. అందుకనే బావ నా పేరు గూడ రాయించిండు. ఇద్దరియి ఒక్క తీరు సైకిళ్లే. పోయేటప్పుడు, వచ్చేటప్పుడు గాలికి నేను ముందుండాలె, బావ నా ఎనుక దమ్ము దాచుకోవాలె. ఆఖర్ల పహాడీషరీఫ్ ఎత్తు కాడ ఆయన ముందుకు పోవాలె. నడుమ ఆయన సైకిల్‌కు ఏమన్నా అయితే నాది ఇచ్చి నేను దిగిపోవాలె. ఇదే మా మధ్య మాట. పొద్దుగాల అక్క ఇద్దరి జేబులల్ల బెల్లం, పుట్నాలు పోసింది. "తమ్మీ, మీ బావను ఒక్కన్ని ఇడిచిపెట్టకు" అన్నది. నేను తలకాయ ఊపిన.

ముప్పై నలభై మందిమి బయలెల్లినం. కందుకూరు కాడ మలుపు తిరిగేసరికి ముందట మేమిద్దరమే మిగిలినం. ఎనుక వచ్చేటోళ్లు కండ్లకు ఆనకుండ దూరమైన్రు. నేను గాలికి ముందున్న, ఎనుకనుంచి బావ ఊపిరి ఒక్క తీరుగ ఇనవడ్తున్నది. తుక్కుగూడ దాటినంక ఆ ఊపిరి ఇనవడుడు ఆగింది. "తమ్మీ, ఆగు" అని కేకేసిండు. తిరిగి చూసిన. ముందటి చక్రంల గాలి పోయింది, తుమ్మ ముల్లు దిగింది. బావ దిగి ఒక చేత్తోని హ్యాండిల్ పట్టుకొని, ఇంకో చెయ్యి లేపి నిలవడ్డడు. ఆయన మొఖంల ఫికర్ లేకుండె. నేను వస్తనని ఆయనకు అంత ధీమా.

నేను ఆగలే. ఎందుకాగలేదని ఇన్నేండ్లల్ల నన్ను నేను మస్తుసార్లు అడుక్కున్న. నౌకరి కోసమని అప్పుడనుకోలే. ముందట రోడ్డు ఖాళీగ ఉండె. ఇరవై రెండేండ్లు వచ్చినా నా ముందట ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండిరి, బాపో, బావనో, బర్రెనో. ఆ ఒక్కపూట ఎవ్వరు లేరు. ఆ దిగుడు దాంక పోయి ఆగుతననుకున్న. దిగుడు అయినంక మళ్లొకసారి ఎనుకకు చూసిన. బావ అట్లనే ఉన్నడు, చిన్నగ కనవడ్తున్నడు, చెయ్యి ఇంకా లేపే ఉన్నది. అప్పుడు తల దించి తొక్కిన.

చాంద్రాయణగుట్టల మెడల దండ ఏసిన్రు, మర్ఫా డప్పులు వాయించిన్రు. నేను గుంపుల నుంచి బయటపడే సరికి గంట దాటింది. అప్పుడు బావ సైకిల్ నూక్కుంట వచ్చిండు. ఇంటికి పోయినంక బాపు బర్రెలకు గూడ బొట్టు పెట్టిండు. అక్క ఒక్కతే నన్ను మూలకు తీసుకపోయి మెల్లగ అడిగింది.

"మీ బావ చెయ్యి లేపిండట గదా. చూడలేదా తమ్మీ?"

"చూడలే అక్కా."

బావ ఆడనే గడప మీద కూసొని కాళ్లు కడుక్కుంటున్నడు. తల ఎత్తకుంటనే అన్నడు. "వాడు ముందట ఉండె, నేను ఎనుక ఉంటి. ఎట్ల కనవడ్త? మనింట్లకే వచ్చింది గదా నౌకరి, ఊకో." అక్క కండ్లు తుడుచుకొని నా నెత్తి మీద చెయ్యి పెట్టింది.

నెల తిరిగేలోపట నేను నౌకరిల చేరిన. బావ అక్కను, పిల్లను తీసుకొని ధూల్‌పేటకు ఎల్లిపోయిండు, వాళ్లన్న కింద బొమ్మలు పోసే పనికి. క్వార్టర్ల నాతోని ఉండుండ్రి అని నేనన్నది నిజమే. అది ఎవరి ఇల్లో తెలిసినోడు ఎట్ల వస్తడు? ఆడ పొగ లేదు గని సున్నపు దుమ్ము ఉండె. పిల్ల దగ్గు పోనే పోలేదు. ఆమె ఇప్పటికీ మెట్లు ఎక్కితే ఆగి ఆగి ఎక్కుతది.

ఏడెనిమిదేండ్లు గడిచినంక ఒక వానాకాలం ధూల్‌పేటకు పోయిన. వినాయక చవితి దగ్గరికొచ్చింది, గల్లీల రెండు దిక్కుల రంగు లేని తెల్ల వినాయకులు. బావ ఒక బొమ్మ కాళ్ల కాడ కూసొని గోళ్లు చెక్కుతున్నడు. కనుబొమ్మల దాంక తెల్లటి దుమ్ము. పక్కన కూసున్న.

"బావా, ఆ రోజు నేను చూసిన."

ఆయన చెయ్యి ఆగలే. "నాకెరికే. రెండుసార్లు చూసినవ్."

"మరి అక్కకెందుకు చెప్పలే?"

"దానికి ఉన్నది ఒక్కడివే తమ్మునివి. చెప్తే ఏమొస్తది నాకు?" అని, చెక్కిన గోరు మీద ఊదిండు. ఇంకో గోరు మొదలుపెట్టుకుంట అన్నడు, "మాఫ్ చెయ్యమని మాత్రం అడుగకు. అడిగితే చేసిన అనాలె. నాకు అబద్ధమాడనీకె రాదు."

అడుగలే. చాయ్ తెప్పిచ్చిండు, తాగిన, వచ్చిన. ఇంకో రెండేండ్లు తిరగకముందే దుమ్ముకు ఊపిరి చెడి బావ పోయిండు. పాడెకు ఒక కొమ్ము నేను పట్టిన. నీకు హక్కు లేదు, దింపు అని నాతోని అనగలిగినోడు ఒక్కడే, ఆయన పాడె మీద ఉండె. అప్పుడు గూడ అక్క నా భుజం మీదనే పడి ఏడ్చింది.

అక్క ఉన్నది, డెబ్బై అయిదు దాటింది. ప్రతి ఏడు రాఖీ పున్నానికి ధూల్‌పేట నుంచి ఆటోల వస్తది, వణికే చేతులతోని ముడేస్తది, నా తమ్ముడు బంగారమని ఇంటోళ్లకు చెప్తది. ఈసారి చెప్దామని ప్రతిసారి అనుకుంట. నేను తేలికయ్యేటందుకు ఆమె మీద ఇంత బరువు ఎట్ల పెడ్త అని ఊకుంట. అది ఆమె మీద జాలినో, నా పిరికితనమో నాకే తెలుస్తలేదు. ఏండ్లు గడుస్తుంటే చేసిన తప్పు అరిగి చిన్నగైతదని వయసుల ఉన్నప్పుడు అనుకున్న. తప్పు ఉన్నంతే ఉన్నది. దాన్ని చెప్పుకోనీకె ఉన్న మనుషులే ఒక్కొక్కరు తక్కువైతున్నరు.